చెట్టుమీది పట్టుతెర: బెరడుపేలను గుర్తించు విధము

చెట్టు మ్రానునకు తెల్లని తెర క్రమ్మినచో తోటకు తెగులు తగిలినదని రైతు భయపడుట సహజము. కాని తెర కట్టు పురుగులన్నియు చెట్టును తినునవి కావు. తెర యే పురుగుదో తెలిసికొనక మందునకు సొమ్ము వెచ్చించుట యొక నష్టము. చెట్టును తొలుచు పురుగును ఉత్త బూజేకదా యని విడిచిపెట్టుట అంతకంటె పెద్ద నష్టము. ఈ రెంటిని వేరుపరచుటయే నేటి పాఠము.

ఉష్ణదేశములందు ఆర్కిప్సోసిడే అను బెరడుపేల కుటుంబము కలదు. పేలు అను పేరేగాని యివి మనుష్యులను గాని పశువులను గాని కుట్టవు. వీనిలో ప్రసిద్ధమైన ఆర్కిప్సోకస్ నోమస్ అను జాతిని 1939లో గర్నీ అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. అమెరికాలో ఫ్లోరిడా మొదలు టెక్సాసు వరకు గల తీరమండలములలో, వేసవి ముగియు దినములలోను శరదృతువునందును, ఇవి మ్రానులను పెద్దకొమ్మలను పట్టుతో చుట్టివేయును. ఆ తెరచాటున గుంపులుగా నివసించుచు, బెరడుమీది పాచిని, బూజును, ఎండిన బెరడుపొరలను తినును. పచ్చని ఆకును ముట్టవు.

వీని గుర్తులు:

1. నువ్వుగింజకంటెను చిన్నవి, మెత్తని శరీరము, గోధుమవన్నె.

2. తల పెద్దదై ముందువైపు ఉబ్బియుండును. మీసములు దారమువలె సన్నగా నుండును.

3. రెక్కలు గలవానికి అవి ఇంటికప్పువలె వాలియుండును. రెక్కల యీనెలు మసకగా నుండుట ఈ కుటుంబపు ముఖ్యలక్షణము. కొన్నింటికి రెక్కలు పొట్టివి.

4. పిల్లలు పెద్దవానినే పోలియుండును, గొంగళిదశ లేదు.

5. తెర శుభ్రమైన పట్టు. దానిని తీసినచో క్రింది బెరడు చెక్కుచెదరక యుండును.

ఇక మన తోటలలో తెర కనబడినప్పుడు ముఖ్యముగా అనుమానింపవలసినది బెరడు తిను గొంగళిపురుగు. ఇది మామిడి, జామ, రేగు మొదలగు చెట్లను పట్టును. దీని తెర తెల్లనిది కాదు; పురుగు రెట్టయు బెరడుపొట్టును కలిసి, గోధుమరంగు పట్టీవలె మ్రానుమీద ప్రాకియుండును. కొమ్మలు చీలుచోట వెదకినచో రంధ్రము కనబడును. పురుగు పగలు ఆ రంధ్రమున దాగి, రాత్రి వెలువడి బెరడు తినును. ఈ తెరను తుడిచివేసి, రంధ్రములో ఇనుపతీగె దూర్చి పురుగును చంపి, కిరసనాయిలులో తడిపిన దూదిని పెట్టి బంకమట్టితో మూయవలెను. పట్టులేక మట్టిపొర మాత్రమే యున్నచో అది చెదలు.

కావున సభ్యులారా, మందు కొనకముందు జానెడు తెర తీసి చూడుడు. రెట్ట కలదా? రంధ్రము కలదా? బెరడు గాయపడినదా? ఈ మూడును లేక, నువ్వుగింజకంటె చిన్నవైన పురుగులు గుంపుగా పరుగెత్తినచో అవి బెరడుపేలు. వానికి మందు అక్కరలేదు. ఆ తెర కొలదికాలములో గాలికిని వానకును చినిగిపోవును. మీ సొమ్ము మీయొద్దనే నిలుచును.