గాలిమరకు భూమి ఇచ్చే ముందు

అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండలపై 1990వ దశకంలోనే గాలిమరలు వెలిసినవి. "మా మెట్టభూమిని వీటికి కౌలుకిస్తే మేలేనా?" అని రైతులు మమ్ము అడుగుచుందురు. మేలును, నష్టభయమును రెంటిని తూచి చూడవలెను.

మేలు: మరకు ఇంధనపు ఖర్చు లేదు, పొగ లేదు. పునాదికి, దారికి పోగా మిగిలిన నేలలో సేద్యం సాగించవచ్చును. వాన రాని ఏట కూడ కౌలు చేతికందును.

నష్టభయం: గాలి వేగం సెకనుకు 8 మీటర్ల నుండి 4 మీటర్లకు తగ్గినచో అందులోని శక్తి సగం కాదు, ఎనిమిదవ వంతు మాత్రమే మిగులును. నైరుతి రుతుపవన కాలం దాటిన తరువాత ఉత్పత్తి బాగా పడిపోవును. ధరల చిక్కులు కూడ కలవు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్తు కొనుగోలు ధరలను తగ్గించబూనగా వివాదం హైకోర్టుకు చేరినది. ఒప్పందపు ధరలే చెల్లించవలెనని 2022లో తీర్పు వచ్చినది. అంతవరకు ఉత్పత్తిదారులకు బకాయిలు పేరుకొన్నవి.

కనుక కౌలును ఉత్పత్తితో ముడిపెట్టక, ఎకరాకు ఇంతయని, ఏటా ముందుగా చెల్లించునట్లు వ్రాయించుకొని రిజిస్టరు చేయించవలెను. గడువు తీరిన పిదప మరను, పునాదిని ఎవరు తొలగింపవలెనో అందులో స్పష్టపరచవలెను. భూమి తనఖాలో ఉన్నచో బ్యాంకు వ్రాతపూర్వక అనుమతి ముందే పొందవలెను.

రావలసిన కౌలును నమ్మి ట్రాక్టరు కొని, మర నిలువక వాయిదాలు తప్పిన రైతును నేనెరుగుదును. చేతికందిన కౌలే ఆదాయము. మాటలో ఉన్న కౌలుపై అప్పు చేయరాదు.