బంగారములేని బంగారు అక్షరములు

వైశాఖమాసము వచ్చినదనిన మా బోథ్‌లో ఇంటింటికిని శుభలేఖలు వచ్చుచుండును. నాలుగు మూలల పసుపు పూసిన ఆ పత్రికపై వధూవరుల పేర్లు బంగారువన్నెతో తళతళ మెరయుచుండును. వ్రేలితో రుద్దినను ఆ వన్నె చేతికంటదు. అది సిరా కాదు. బాలలారా! ఆ అక్షరములలో బంగారమెంత యుండునో మీరెన్నడైన ఆలోచించితిరా? సాధారణముగా రవ్వంతయు నుండదు.

బంగారపు మెరుపుపై మనుష్యునకు గల మక్కువ నేటిది కాదు. మన పొరుగున ఉన్న నిర్మల్ చిత్రకారులు నల్లని నేలపై పసిడివన్నె బొమ్మలను తీర్చుటలో పేరుగాంచిరి. హైదరాబాదు పాతనగరములో వెండిని సాగగొట్టి, మిఠాయిలపై అద్దు వరకును చేయుదురు. బంగారము వెండికంటెను చక్కగా సాగును. మిల్లీమీటరులో పదివేలవ వంతు మందము వరకు దానిని రేకుగా కొట్టవచ్చును. పూర్వము ఐరోపాలో గ్రంథములకు అట్టలు కట్టువారు తోలుపై గ్రుడ్డులోని తెల్లసొన పూసి, దానిపై ఇట్టి బంగారు రేకును పరచి, కాచిన ఇత్తడి అచ్చుతో అదిమెడివారు. వేడి తగిలిన చోట సొన గట్టిపడి రేకును పట్టుకొనెడిది. తక్కిన చోట తుడిచివేసిన ఊడిపోయెడిది. నేటి ముద్రణలో ‘ఫాయిల్’ అద్దుట ఈ పాత పనికి వారసురాలే. బంగారము మాత్రము మారినది.

ఫాయిల్ చుట్టను చూచిన ఒకే పొరవలె కనబడును గాని, అందులో ఉల్లిపొరలవలె అయిదు పొరలు కలవు. అన్నిటికి ఆధారమైనది పాలియెస్టరు పట్టీ. దాని మందము సుమారు 12 మైక్రానులు. అనగా తలవెంట్రుకకంటె మిక్కిలి పలుచన. దానిపై వేడికి మెత్తబడి విడివడు మైనము వంటి పొర, ఆపై పసుపురంగు వార్నిషు, దానిపై అల్యూమినియము, చిట్టచివర వేడి తగిలిననే అంటుకొను జిగురు. అల్యూమినియమును గాలి తీసివేసిన గదిలో కరగించి ఆవిరి చేయుదురు. ఆ ఆవిరి పట్టీపై మంచువలె పేరుకొనును. తెల్లని ఆ లోహమును పసుపు వార్నిషు గుండ చూచుటచేత మన కంటికి బంగారమని తోచును. వార్నిషులో రంగు లేకున్న అదియే వెండి. ఎఱుపు కలిపిన అదియే రాగి! మందుల పెట్టెలు, అగరువత్తుల డబ్బాలు, చీరల పెట్టెలు, అన్నిటిపైనను మెరయుచున్నది ఈ వేషధారియే.

ఇక ముద్రించు తీరు. కావలసిన అక్షరములను అద్దములో కనబడునట్లు తిరుగవేసి, లోహపు పలకపై ఉబ్బెత్తుగా నిలుపుదురు. కొద్దిపాటి పనికి మెగ్నీషియము పలకను ఆమ్లముతో తినిపించుట కద్దు. వేలకొలది ప్రతులు కావలసినచో ఇత్తడిని చెక్కింతురు. ఈ అచ్చును యంత్రములో బిగించి, విద్యుత్తుతో సాధారణముగా 100 మొదలు 150 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేయుదురు. అచ్చునకు, కాగితమునకు నడుమ ఫాయిల్ పట్టీ సాగుచుండును. అచ్చు వచ్చి రెప్పపాటుసేపు అదుమును. జిగురు కరగి కాగితమును పట్టుకొనును. మైనము మెత్తబడి పట్టీని విడుచును. ఆరవలసిన తడి లేదు గనుక ప్రతిని వెంటనే తీసి దొంతి పెట్టవచ్చును. చార్మినారు సమీపమున శుభలేఖలకు పేరుపొందిన ఛత్తాబజారునకు పోయినవారికి ఇట్టి పని చూచు అవకాశము కలుగవచ్చును.

వినుటకు ఇది సులభమే. కాని వేడిమి, ఒత్తిడి, కాలము అను మూడును పొత్తు కుదురవలెను. వేడి చాలకున్న అక్షరము అక్కడక్కడ అంటక చిరిగినట్లుండును. వేడి మించిన మెరుపు మాసి, అంచులు అలుకుకొనును. మన తెలుగు లిపికి ఈ రెండవ కీడు మిక్కిలి ప్రమాదకరము. గుండ్రని అక్షరములు, వాని కడుపులో చిన్న ఖాళీలు, క్రింద వత్తులు! ఆంగ్లలిపికి చాలిన జాగ్రత్త మనకు చాలదు.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న కాలమున బహుమతి పత్రములను ఒక ముద్రణాలయములో అచ్చువేయించితిని. ‘ప్రథమ బహుమతి’ అని బంగారు అక్షరములుండవలెను. పత్రములు వచ్చినవి. ‘థ’లోని చుక్క చుట్టునున్న గీతతో కలిసిపోయి, అక్షరము బంగారు ముద్దయై యుండెను! ‘ప్రధమ’ అని వ్రాసినందుకు ఎందరు పిల్లలను గద్దించితినో నాకే తెలియదు. ఇప్పుడు వారి చేతికే అది థకారమో ధకారమో తెలియని పత్రమునెట్లిత్తును? మరునాడే వానిని తీసికొని ముద్రణాలయమునకు పోతిని.

ఆ యంత్రపు పనివాడు పత్రమును చూచి నవ్వలేదు, వాదింపలేదు. మొదట వేడి తగ్గించెను. చుక్క కొంత విడివడెను గాని స్పష్టము కాలేదు. పిమ్మట కాగితము క్రిందనున్న మెత్తని అట్టను తీసి, గట్టి అట్టను పెట్టెను. “క్రింద మెత్తగా ఉంటే అచ్చు దిగబడుతుంది సారూ, సందులు పూడిపోతాయి” అని చెప్పెను. తరువాత ఒత్తిడి కొంచెము సడలించెను. నాలుగవ ప్రతిలో చుక్క ఆవగింజవలె విడిగా నిలిచెను.

వాడిన పట్టీని అతడు పారవేయబోగా నేను అడిగి తెచ్చుకొంటిని. అక్షరములు కాగితముపైకి పోయినచోట పట్టీ తేటగా నుండి వెలుగు ప్రసరించును, తక్కినదంతయు బంగారమే. రహస్య పత్రములు ముద్రించువారు ఈ పట్టీని జాగ్రత్తగా నాశనము చేయవలెను. ఏలయన ముద్రించిన ప్రతి అక్షరమును దానిపై చదువవచ్చును. ఎనిమిదవ తరగతి కిటికీకి దానిని వ్రేలాడగట్టితిని. పిల్లలు ఒకరినొకరు త్రోసికొని చూచిరి. చుక్క పూడిన థకారములు మూడు, ఆ ప్రక్కన సరియైన థకారము, ఎండలో వరుసగా వెలుగుచుండెను.