వైఫై ఉంది, పేజీ రావట్లేదు: చిక్కు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

స్క్రీన్ మూలన వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, 'కనెక్టెడ్' అనీ చూపిస్తుంది. బ్రౌజర్ తెరిస్తే మాత్రం పేజీ ఎంతకీ రాదు. కనెక్టెడ్ అంటే కంప్యూటర్ రౌటర్‌ను అందుకుందని మాత్రమే అర్థం. రౌటర్ దాటాక లైను ఉందో లేదో, బ్రౌజర్‌కు ఏదైనా అడ్డుపడుతోందో లేదో ఆ మాట చెప్పదు. అందుకే కనిపించిన సెట్టింగునల్లా మార్చకుండా, దారి ఎక్కడ తెగిందో ముందు తేల్చుకోవాలి. కింది పద్ధతి విండోస్ 10, 11 వాడేవారికి.

1. ఫోన్‌లో చూడండి

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైతో రెండు మూడు సైట్లు తెరవండి. డేటా ఆపకపోతే ఫోన్ చడీచప్పుడు లేకుండా దానికి మారిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్‌లోనూ ఏదీ రాకపోతే 2వ మెట్టు చూడండి. ఫోన్‌లో వస్తుంటే తేడా కంప్యూటర్‌లోనే ఉంది, నేరుగా 3కి వెళ్లండి. ఒక్క సైటే ఎక్కడా రాకపోతే అది ఆ సైటు వాళ్ల సమస్య, కాసేపు ఆగి చూడండి.

హోటల్లోనో రైల్వే స్టేషన్లోనో ఉంటే, ముందు ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే లాగిన్ పేజీ పూర్తి చేశారో లేదో చూసుకోండి. అప్పటిదాకా వైఫై కలిసినా పేజీలు రావు.

2. రౌటర్ లైట్లు చూడండి

ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద 'ఎల్ఓఎస్' లైటు ఎర్రగా వెలుగుతోందా? అలాగైతే ఫైబర్‌లో సిగ్నల్ రావడం లేదు. మీరు చేయగలిగింది లేదు, ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. ఎర్ర లైటు లేకపోతే రౌటర్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేయండి. లైట్లన్నీ కుదురుకున్నాక మళ్లీ ప్రయత్నించండి.

3. పింగ్ చేయండి

అసలు గుట్టు బయటపడేది ఇక్కడే. స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లిష్ అక్షరాల్లో పింగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఇది గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ చిరునామా. 'రిప్లై ఫ్రమ్ 8.8.8.8' అంటూ వరసగా నాలుగు లైన్లు వస్తే లైను బాగున్నట్టే. తర్వాత అంకెల బదులు గూగుల్ డాట్ కామ్ పేరు రాసి చూడండి.

- అంకెలకూ జవాబు లేకపోతే: ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. ఐపీవీ4 చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ మీ కంప్యూటర్‌కు చిరునామా ఇవ్వలేదన్నమాట. వైఫై సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' చేసి, పాస్‌వర్డ్ ఇచ్చి మళ్లీ కలపండి.
- అంకెలకు జవాబు వచ్చి, పేరు దొరకలేదంటే: చిక్కు డీఎన్ఎస్‌ది. 4 చూడండి.
- రెండింటికీ జవాబు వస్తే: అడ్డు కంప్యూటర్ లోపలే ఉంది. 5 చూడండి.

ఆఫీసు నెట్‌వర్క్‌లలో పింగ్‌ను ఆపేసి ఉంచడం మామూలే. అక్కడ ఈ పరీక్షను నమ్ముకోకండి.

4. డీఎన్ఎస్ సరిచేయండి

సైటు పేరు ఇస్తే దాని ఐపీ చిరునామా చెప్పేది డీఎన్ఎస్. ముందు పాత జాబితా చెరిపేయండి: ఐపీకాన్ఫిగ్ తర్వాత ఒక ఖాళీ, ఆపై /ఫ్లష్‌డీఎన్ఎస్. అప్పటికీ పేరు దొరక్కపోతే, విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ వరసలో వెళ్లండి. 'డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్' దగ్గర ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి 8.8.8.8, రెండో గడిలో 1.1.1.1 ఇచ్చి సేవ్ చేయండి.

5. ప్రాక్సీ, గడియారం, బ్రౌజర్

వీపీఎన్ ఉంటే ఆపండి. కొన్ని వీపీఎన్‌లూ, మాల్‌వేర్‌లూ తొలగించాక కూడా ప్రాక్సీ సెట్టింగును అలాగే వదిలేస్తాయి. నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో ప్రాక్సీ తెరిచి, 'యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్' ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే మాత్రం ఐటీ వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు.

తేదీ, టైము చూడండి. తేదీ తప్పుంటే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి, బ్రౌజర్ పేజీలను ఆపేస్తుంది. సరిచేసినా ప్రతిసారీ వెనక్కి పోతుంటే, పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సాధారణంగా అది సీఆర్2032.

చివరగా మరో బ్రౌజర్‌లో తెరవండి. అందులో వస్తే మొదటి బ్రౌజర్‌లోని ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటే ఆపి చూడండి.

6. ఏదీ పనిచేయకపోతే

అప్పుడే 'నెట్‌వర్క్ రీసెట్' జోలికి వెళ్లండి. ఇది సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లను చెరిపేస్తుంది కాబట్టి ముందే రాసిపెట్టుకోండి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాల్సి వస్తే 'నెట్ రావట్లేదు' అని ఊరుకోకండి. 'ఎల్ఓఎస్ లైటు ఎర్రగా లేదు, 8.8.8.8కు పింగ్ వెళ్లట్లేదు, ఫోన్‌లోనూ రావట్లేదు' అని చెప్పండి. రౌటర్ ఆపి వేయమనే మొదటి పాఠం తప్పి, మాట సూటిగా లైను దగ్గరికి వస్తుంది.