ఈ–పాస్ స్కాలర్‌షిప్: దరఖాస్తు నుంచి చివరి సంవత్సరం దాకా

(నిజామాబాద్ పట్టణం, బోధన్ చుట్టుపక్కల మండలాల కాలేజీ విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం. మొత్తం చదవండి, ఫోన్‌లో దాచుకోండి.)

స్కాలర్‌షిప్ రాకపోతే అర్హత లేదని చాలామంది అనుకుంటారు. కానీ అర్హత ఉన్నా పైసలు ఆగిపోయేది ఎక్కువగా చిన్న చిన్న కారణాల వల్లనే. మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటుంది. బ్యాంకు ఖాతా మూతపడి ఉంటుంది. రెన్యూవల్ చేయడం మర్చిపోతారు. అటెండెన్స్ తగ్గుతుంది. చివరికి మూడో సంవత్సరంలో "ఫీజు బాకీ ఉంది, కట్టి సర్టిఫికెట్లు తీసుకుపో" అనే మాట వినాల్సి వస్తుంది. ఆ రోజు రాకుండా ఏం చేయాలో ఈ పాఠంలో వరుసగా చెప్పుకుందాం.

1. ఇది ఏ పథకం? ఏమిస్తారు?

పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చేది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. ఎస్సీ విద్యార్థులకు ఈ సాయం మన దేశంలో 1944లోనే మొదలైంది. మన రాష్ట్రంలో దీనికి దరఖాస్తు చేసేది తెలంగాణ ఈ–పాస్ వెబ్‌సైట్‌లో. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థులందరికీ అదే సైటు.

ఇందులో రెండు రకాల డబ్బు ఉంటుంది. రెండింటినీ కలిపి చూడొద్దు.

• ఆర్‌టీఎఫ్: ఇది ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్. ఆ కోర్సుకు ప్రభుత్వం ఆమోదించిన ఫీజు మేరకు వస్తుంది. బస్సు ఫీజు, యూనిఫాం, పుస్తకాలు, ప్రైవేటు హాస్టల్ ఖర్చు ఇందులో రావు.

• ఎంటీఎఫ్: ఇది నిర్వహణ ఖర్చు, అంటే మనం మామూలుగా స్కాలర్‌షిప్ అనే డబ్బు. ఇంటి నుంచి వెళ్లి వచ్చే విద్యార్థికి సొంత ఖాతాలో పడుతుంది. ప్రభుత్వ సంక్షేమ హాస్టల్‌లో ఉంటే మెస్ ఖర్చు కింద హాస్టల్‌కు వెళ్తుంది.

ఇంజనీరింగ్‌లో చేరే బీసీ, ఈబీసీ విద్యార్థులు ఒక లెక్క ముందే వేసుకోవాలి. ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. ర్యాంకు అంతకు మించితే సాధారణంగా సంవత్సరానికి 35,000 రూపాయల వరకే వస్తుంది. కాలేజీ ఫీజు 85,000 అనుకోండి. మిగతా 50,000 మీ ఇంట్లోవాళ్లే కట్టాలి. నాలుగేళ్లకు అది 2,00,000 రూపాయలు. ప్రభుత్వ కాలేజీల్లో, గురుకులాల్లో చదివి వచ్చినవారికి మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ కేంద్రంలో అడిగి తెలుసుకున్నాకే ఆప్షన్లు పెట్టండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ ర్యాంకు నిబంధన లేదు.

2. ఎవరికి రాదు?

• మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవారికి.
• పార్ట్ టైమ్, ఆన్‌లైన్ కోర్సులు చదివేవారికి.
• ఒక డిగ్రీ చదివాక మళ్లీ అదే స్థాయి కోర్సులో చేరినవారికి.
• ఇంటర్ చదివే ఈబీసీ విద్యార్థులకు.
• స్కాలర్‌షిప్ కంటే ఎక్కువ స్టైపెండ్ తీసుకునేవారికి.

"ముందు చేరు బాబూ, రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఈ సీటు కన్వీనర్ కోటాదా?" డిగ్రీ అయితే దోస్త్ ద్వారా వచ్చిన సీటా అని అడగండి. అలాట్‌మెంట్ కాగితం మీ చేతిలో లేకుండా ఆ మాట నమ్మొద్దు.

3. ఆదాయం లెక్క: ఊరా, పట్టణమా?

బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి 1,50,000 రూపాయలు, పట్టణాల్లో 2,00,000 రూపాయలు. మన ప్రాంతంలో ఈ తేడా చాలా ఇళ్లకు తగులుతుంది. నిజామాబాద్ నగరం, బోధన్ మున్సిపాలిటీ పట్టణం కిందికి వస్తాయి. ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని మండలాల పల్లెలు గ్రామం కిందికి వస్తాయి.

ఉదాహరణ: ఒక ఇంట్లో తండ్రి రెండెకరాలు సాగు చేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. ఇద్దరి ఆదాయం కలిపి 1,65,000. ఈ కుటుంబం బోధన్ పట్టణంలో ఉంటే అర్హత ఉంది. పక్కనే పల్లెలో ఉంటే పరిమితి దాటింది. అట్లని పట్టణంలో చుట్టాల ఇంటి చిరునామా పెట్టి సర్టిఫికెట్ తీసుకోవద్దు. విచారణలో తేలితే మంజూరు రద్దవుతుంది, తీసుకున్న డబ్బు తిరిగి కట్టాల్సి వస్తుంది.

ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు చేయాలి, తహసీల్దార్ ఇస్తారు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్ అడుగుతారు. అన్నకో అక్కకో మూడేళ్ల కింద తీసిన కాగితం పనికిరాదు. పరీక్షలు అయిపోగానే, కౌన్సెలింగ్ మొదలయ్యే ముందే తీసి పెట్టుకోండి. అప్పుడు మీసేవలో రద్దీ తక్కువ.

ఇంటి పరిస్థితి మారితే ఆ సంగతి సర్టిఫికెట్‌లో కనిపించాలి. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీలో 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. నెల జీతం మీద బతికిన ఇళ్లు కూలికి, చిన్న దుకాణాలకు మారాయి. చెరుకు వేసిన రైతులు చాలామంది వరికి మళ్లారు. ఇట్లా ఆదాయం పడిపోయిన కుటుంబం పాత జీతం లెక్కనే పట్టుకుని "మాకు రాదులే" అని ఊరుకోవద్దు. ఇప్పటి ఆదాయం చెప్పి కొత్త సర్టిఫికెట్ తీసుకోండి. విచారణకు వచ్చినప్పుడు భూమి, కూలి, బీడీల పని, దుకాణం, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

4. దరఖాస్తు కన్నా ముందు సరిచూసుకోవాల్సిన మూడు విషయాలు

పేరు: పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో కూడా అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఈ–పాస్ మీ వివరాలను పదో తరగతి హాల్ టికెట్ నంబర్‌తో తీసుకుంటుంది. ఇంటి పేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పూర్తిగా ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో సరిచేయించండి. మెమో మార్చడం కంటే ఆధార్ మార్చడం సులువు.

ఫోన్ నంబర్: ఆధార్‌కు ఇప్పుడు మీరు వాడే నంబర్ లింకై ఉండాలి. సిమ్ మార్చేశాక ఓటీపీ పాత నంబర్‌కు పోతే పని ఆగుతుంది.

బ్యాంకు ఖాతా: విద్యార్థి సొంత పేరు మీద ఉండాలి. అమ్మ ఖాతా, నాన్న ఖాతా పనికిరావు. ఇందులో నాలుగు చిక్కులు ఉన్నాయి.

• రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా పనిచేయనిదిగా మారుతుంది. బడిలో ఉన్నప్పుడు తీసిన ఖాతా అయితే ఒకసారి బ్యాంకుకు వెళ్లి కేవైసీ ఇచ్చి తెరిపించండి. 18 ఏళ్లు నిండాక మైనర్ ఖాతాను మార్పించాలి.
• పూర్తి కేవైసీ లేని "చిన్న ఖాతా" అయితే నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో జమ 1,00,000 దాటకూడదు. పెద్ద మొత్తం వస్తే తిరిగి పోతుంది.
• ఖాతాకు ఆధార్ నంబర్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ప్రభుత్వ డబ్బు పడాలంటే ఎన్‌పీసీఐలో ఆధార్ ఆ బ్యాంకుతో జోడై ఉండాలి. బ్యాంకులో "డీబీటీ కోసం ఆధార్ సీడింగ్ చేయండి" అని అడగండి.
• ఆధార్ ఏ బ్యాంకుతో చివరగా జోడైతే డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది. ఫోన్ షాపులో సిమ్‌తో పాటు వేలిముద్ర పెట్టి కొత్త ఖాతా తెరిచి ఉంటే, మీకు తెలియకుండానే సీడింగ్ అక్కడికి మారి ఉండొచ్చు. మై ఆధార్ సైటులో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూడండి. ఆధార్ హెల్ప్‌లైన్ 1947.

5. దరఖాస్తు వరుస

1) మొదటి సంవత్సరం వారు ఈ–పాస్‌లో "ఫ్రెష్", పై సంవత్సరాల వారు "రెన్యూవల్" ఎంచుకోవాలి.
2) కుల, ఆదాయ సర్టిఫికెట్ నంబర్లు, పదో తరగతి, ఇంటర్ వివరాలు, స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా, ఫోటో ఇవ్వాలి. సబ్మిట్ కొట్టే ముందు ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రెండుసార్లు చదవండి. నెట్ సెంటర్‌లో చేయిస్తే పక్కన కూర్చుని మీరే చదవండి.
3) వచ్చిన అప్లికేషన్ నంబర్‌ను ఫోటో తీసుకోండి, నోట్‌బుక్‌లో కూడా రాసుకోండి.
4) ఫ్రెష్ వారు ఆధార్ వేలిముద్ర ధ్రువీకరణ పూర్తి చేయాలి. బీడీలు చుట్టి, పసుపు పనిచేసి వేళ్ల గీతలు అరిగితే వేలిముద్ర పడకపోవచ్చు. అట్లాంటివారు ముందే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోండి.
5) హార్డ్ కాపీలు కాలేజీలో ఇవ్వాలి. ఇచ్చిన తేదీతో ముద్ర వేసిన రసీదు తీసుకోండి.
6) కాలేజీ సరిచూసి ఆన్‌లైన్‌లో జిల్లా సంక్షేమ అధికారికి పంపుతుంది. మంజూరయ్యాక బిల్లు ట్రెజరీకి వెళ్తుంది.

చాలా దరఖాస్తులు ఆరో మెట్టు దగ్గర కాలేజీ లాగిన్‌లోనే ఆగిపోతాయి. కాబట్టి 15 రోజులకోసారి స్టేటస్ చూడండి. గడువు పొడిగిస్తారులే అని చివరి రోజు దాకా ఆగొద్దు.

6. వచ్చిన స్కాలర్‌షిప్ నిలబెట్టుకోవడం

ప్రతి ఏడూ రెన్యూవల్: మొదటి ఏడు మంజూరైందని రెండో ఏడు దానంతటదే రాదు. రెన్యూవల్ చేయని సంవత్సరం ఫీజు మీ మీదే పడుతుంది.

పై తరగతికి ప్రమోట్ కావాలి: డిటైన్ అయి అదే సంవత్సరం మళ్లీ చదివితే ఆ ఏడాదికి డబ్బు రాదు.

అటెండెన్స్ 75 శాతం: సెమిస్టర్‌లో 90 పనిదినాలు ఉంటే 68 రోజులు హాజరు కావాలి. అంటే మీ చేతిలో ఉన్న సెలవులు 22 మాత్రమే. వరి నాట్లు, కోతలు, పసుపు తవ్వకం రోజుల్లో ఇంట్లో పనికి ఆగాల్సి వస్తుంది. ఆ అవసరం నిజమే. కానీ తల్లిదండ్రులు కూడా ఈ లెక్క చూడాలి: కూలీ ఖర్చు మిగులుతుందని 10 రోజులు ఎక్కువ ఆపితే ఒక సంవత్సరం ఫీజే పోవచ్చు. నెలకోసారి మీ హాజరు శాతం అడిగి రాసుకోండి. జ్వరం వచ్చి ఆగితే డాక్టర్ చీటీ దాచి కాలేజీలో ఇవ్వండి.

కాలేజీ మారితే: ముందు పాత కాలేజీలో మీ ఈ–పాస్ సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే టీసీ తీసుకోండి.

7. బీడీ కార్మికుల పిల్లలకు ఇంకో దారి

బీడీ గుర్తింపు కార్డు ఉండి, కనీసం ఆరు నెలలు పనిచేసిన కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ సాయం ఉంది. డిగ్రీకి ఏడాదికి 6,000, వృత్తి కోర్సులకు 25,000 రూపాయలు. కుటుంబ ఆదాయం నెలకు 10,000 మించకూడదు. దీనికి దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. కానీ వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటూ దీన్ని కూడా తీసుకోవడానికి వీల్లేదు. ప్రైవేటు కాలేజీలో ఫీజు ఎక్కువైతే సాధారణంగా ఈ–పాస్ లాభం. ఈ–పాస్‌కు అర్హత లేకపోతే ఇది చూడండి.

8. డబ్బు ఆలస్యమైతే, సర్టిఫికెట్లు ఆపితే

ఆర్‌టీఎఫ్ విడుదల ఆలస్యం కావచ్చు. మంజూరైన పేజీని ప్రింట్ తీసి కాలేజీలో చూపించండి. కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఆ రసీదు ఉంటేనే తర్వాత తిరిగి అడగగలరు.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. చేరేటప్పుడు సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి. గొడవ పడకుండా రాతపూర్వకంగా అడగండి.

ఎవరిని అడగాలి? ముందు కాలేజీ స్కాలర్‌షిప్ క్లర్క్, తర్వాత ప్రిన్సిపాల్. అక్కడ కాకపోతే నిజామాబాద్ కలెక్టరేట్ సముదాయంలో మీ వర్గానికి చెందిన జిల్లా సంక్షేమ అధికారి. బీసీ, ఈబీసీలకు బీసీ సంక్షేమ శాఖ. ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు వారి వారి శాఖలు. అయినా తేలకపోతే సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.

దరఖాస్తు ఇట్లా రాస్తే చాలు:

"గౌరవనీయులైన జిల్లా అధికారి గారికి, నేను ____ కాలేజీలో ____ కోర్సు, ____ సంవత్సరం చదువుతున్నాను. నా ఈ–పాస్ అప్లికేషన్ నంబర్ ____. ____ తేదీన కాలేజీలో హార్డ్ కాపీలు ఇచ్చాను, రసీదు జతచేశాను. స్టేటస్ ____ నుంచి మారలేదు. కారణం తెలిపి, నా దరఖాస్తును పరిష్కరించాలని కోరుతున్నాను. ఇట్లు, ____"

9. ఈ వారమే చేయాల్సినవి

☐ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ చూడండి.
☐ బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూడండి.
☐ ఆదాయ సర్టిఫికెట్ తేదీ చూడండి.
☐ ఈ–పాస్ స్టేటస్ తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి.
☐ ఇప్పటిదాకా మీ హాజరు ఎంతో కాలేజీలో అడగండి.
☐ కాగితాలన్నీ ఫోటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి పెట్టండి.

ఈ–పాస్ పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ, ఏటీఎం నంబర్ అడిగితే చెప్పొద్దు. మంజూరు చేయిస్తామని పైసలు అడిగినా ఇవ్వొద్దు. అట్లా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.