"మళ్లీ వస్తుందా?" అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

ఈ నెల పాఠం: పెద్ద భూకంపం తర్వాత వచ్చే ప్రకంపనలు, వాటికి మనుషులు స్పందించే తీరు

2024 డిసెంబర్ 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ఇళ్లలో జడలు వేస్తూ, టిఫిన్ బాక్సులు సర్దుతూ ఉండే సమయం. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా చాలా చోట్ల ఆ కదలిక తెలిసింది. ఉన్నది కొన్ని సెకన్లే అయినా అపార్ట్‌మెంట్లలో చాలామంది పిల్లల్ని పట్టుకుని కిందికి వచ్చేశారు.

ఇలాంటప్పుడు తిరిగి మెట్లెక్కే ముందు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "మళ్లీ వస్తుందా?" అని. మనలో చాలామంది ఆలోచించకుండా ఇచ్చే జవాబు "రాదులే నాన్నా, భయపడకు" అని. ప్రేమతో చెప్పే మాటే. కానీ అది మనం నిలబెట్టుకోలేని మాట. ఒకవేళ మళ్లీ వస్తే, భూమితో పాటు అమ్మానాన్నల మాట మీద నమ్మకం కూడా కదులుతుంది.

అయితే ఏం చెప్పాలి? పెద్ద భూకంపాలను, వాటి వెనుకే వచ్చిన బలమైన ప్రకంపనలను చూసిన నేపాల్, జపాన్ ప్రజల అనుభవంలో దీనికి జవాబు దొరుకుతుంది.

ఒకసారి కదిలిన నేల ఎందుకు వెంటనే కుదుటపడదు?

బస్తాలు ఎత్తుగా పేర్చిన లారీ పెద్ద గుంతలో పడి లేచిందనుకోండి. బస్తాలన్నీ ఒక్కసారిగా జరుగుతాయి. లారీ ముందుకు సాగుతున్నా లోపల ఒక్కొక్క బస్తా కొత్త చోట సర్దుకుంటూనే ఉంటుంది. భూమి లోపల రాతి పొరలు కూడా అంతే. పగులు వెంట ఒక భాగం ఒక్కసారిగా జారినప్పుడు పక్క భాగాల మీద ఒత్తిడి మారుతుంది. అవి సర్దుకునేటప్పుడు పుట్టేవే మలి ప్రకంపనలు.

జపాన్ శాస్త్రవేత్త ఫుసాకిచి ఒమోరి 1894లో వీటికి ఒక లెక్క కనిపెట్టారు. రోజులు గడిచేకొద్దీ మలి ప్రకంపనల సంఖ్య ఒక పద్ధతి ప్రకారం తగ్గుతుంది. స్థూలంగా చెప్పాలంటే, మొదటి రోజు 100 వస్తే పదో రోజుకు 10 వరకు వస్తాయి. ఈ లెక్క నేటికీ వాడుకలో ఉంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. తగ్గేది సంఖ్య. వాటిలో పెద్దది ఏ రోజు వస్తుందో ఈ లెక్క చెప్పదు. అది మొదటి గంటలో రావచ్చు, రెండు మూడు వారాల తర్వాత కూడా రావచ్చు. తీవ్రత అంకె ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుందన్న సంగతి కూడా గుర్తుంటే, ముందు చెప్పబోయేది బాగా అర్థమవుతుంది.

కాఠ్‌మండులో 17 రోజులు

2015 ఏప్రిల్ 25, ఉదయం 11 గంటల 56 నిమిషాలకు నేపాల్‌లోని గోర్ఖా జిల్లాలో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 9 వేల మంది చనిపోయారు. ఆ రోజు శనివారం. నేపాల్‌లో స్కూళ్లకు వారపు సెలవు శనివారమే. వేల తరగతి గదులు కూలిపోయాయి, కానీ వాటిలో పిల్లలు లేరు. అదే శుక్రవారమో ఆదివారమో అయ్యుంటే ఏమయ్యేదో అక్కడి ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు.

అరగంట గడవగానే మరో బలమైన ప్రకంపన వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం 6.7 తీవ్రతతో ఇంకొకటి. కాఠ్‌మండు మధ్యలో ఉన్న తుండిఖేల్ మైదానం టార్పాలిన్లతో నిండిపోయింది. ఇల్లు పడిపోయినవారే కాదు, ఇంటికి చిన్న పగులు కూడా రానివారు సైతం బయటే పడుకున్నారు. వానలో తడుస్తూ కూడా గోడల మధ్యకు వెళ్లలేదు. లక్షల మంది బస్సులెక్కి సొంత ఊళ్లకు బయల్దేరారు.

రెండు వారాలు గడిచాక మనుషులు నెమ్మదిగా ఇళ్లకు తిరిగి రావడం మొదలుపెట్టారు. దుకాణాలు తెరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడు, మే 12 మధ్యాహ్నం, 7.3 తీవ్రతతో భూమి మళ్లీ కదిలింది. ములుగులో వచ్చినదానితో పోలిస్తే దాని శక్తి వెయ్యి రెట్లు. మొదటి భూకంపానికి పగుళ్లిచ్చి నిలబడిన ఇళ్లు ఈసారి కూలాయి. 200 మందికి పైగా చనిపోయారు. పార్లమెంటులో ఉన్న సభ్యులు సైతం తలుపుల వైపు పరుగెత్తారు. ఆ రాత్రి మైదానాలు మళ్లీ నిండిపోయాయి.

మొదటిసారి కన్నా రెండోసారి వచ్చినదే తమ ధైర్యాన్ని ఎక్కువగా దెబ్బతీసిందని అప్పుడు చాలామంది చెప్పారు. కారణం ఊహించడం కష్టం కాదు. మొదటిది వచ్చినప్పుడు "అయిపోయింది" అనుకోవడానికి వీలుంది. రెండోది ఆ మాటనే లాగేసుకుంది.

కుమమోతోలో 28 గంటలు

మరుసటి ఏడాది జపాన్‌లో జరిగింది ఇంకో రకం పాఠం. 2016 ఏప్రిల్ 14 రాత్రి 9 గంటల 26 నిమిషాలకు కుమమోతో ప్రాంతంలో 6.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. అలవాటైన దేశం కాబట్టి అందరూ పద్ధతిగా బయటికి వచ్చారు. మలి ప్రకంపనలు ఉంటాయని అధికారులు హెచ్చరించారు. మర్నాడు కొందరు ఇంటికి వెళ్లి పడుకున్నారు. పెద్దది వచ్చేసింది కదా, ఇక వచ్చేవి చిన్నవే అనుకోవడం సహజం.

16వ తేదీ తెల్లవారుజామున 1 గంట 25 నిమిషాలకు 7.3 తీవ్రతతో అసలు భూకంపం వచ్చింది. అప్పటిదాకా ప్రధాన భూకంపం అనుకున్నది నిజానికి ముందస్తు కదలిక. నేరుగా భూకంపం వల్ల చనిపోయిన 50 మందిలో ఎక్కువమంది ఈ రెండోసారే ప్రాణాలు కోల్పోయారు.

ఆ తర్వాత జపాన్ అధికారులు తమ మాటనే మార్చుకున్నారు. 'యోషిన్' అంటే జపాన్ భాషలో మలి ప్రకంపన. ఆ మాట వింటే "ఇక వచ్చేవి దీనికన్నా చిన్నవే" అని జనానికి అనిపిస్తోందని గమనించారు. 2016 ఆగస్టు నుంచి పెద్ద భూకంపం వచ్చిన వెంటనే చేసే హెచ్చరికల్లో ఆ మాట వాడటం మానేశారు. దాని బదులు, సుమారు వారం పాటు ఇంతే బలమైన కుదుపు మళ్లీ రావచ్చని, జాగ్రత్తగా ఉండాలని చెబుతున్నారు.

కుమమోతోలో మరో సంగతి కూడా ఉంది. గోడలంటే భయపడి చాలా కుటుంబాలు రోజుల తరబడి కార్లలోనే పడుకున్నాయి. కాళ్లు ముడుచుకుని గంటల కొద్దీ కదలకుండా కూర్చోవడం వల్ల కొందరికి కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టింది. ఆశ్రయాల్లో అలసట, జబ్బుల వంటి కారణాలతో తర్వాతి కాలంలో చనిపోయినవారు 200 మందికి పైనే. ఇంట్లోకి తొందరపడి వెళ్లడం ఎంత ప్రమాదమో, సరైన ఏర్పాటు లేకుండా బయట ఉండిపోవడం కూడా అంత ప్రమాదం కావచ్చు.

అందుకే ఈ రెండు దేశాల్లోనూ ఇంజనీర్లు ఇల్లిల్లూ తిరిగి రంగు స్టిక్కర్లు అంటించారు. ఎరుపు అంటే లోపలికి వెళ్లవద్దు, పసుపు అంటే జాగ్రత్త అవసరం, ఆకుపచ్చ అంటే ఉండవచ్చు. ఆ స్టిక్కర్ వచ్చేదాకా పక్కింటివాళ్లు లోపలికి వెళ్తే మనమూ వెళ్లడం, వాళ్లు బయట ఉంటే మనమూ ఉండిపోవడం జరిగేది. అది పిరికితనమూ కాదు, మొండితనమూ కాదు. సరైన సమాచారం లేనప్పుడు మనిషి పక్కవారిని చూసే నిర్ణయం తీసుకుంటాడు.

నేల ఆగినా ఊగుతున్నట్టే ఉంటుంది

వరుసగా ప్రకంపనలు చూసినవారికి ఏమీ లేనప్పుడు కూడా నేల కదులుతున్నట్టు అనిపిస్తుంది. జపాన్‌లో దీనికి 'జిషిన్-యోయి' అనే పేరే ఉంది. భూకంపపు తూలు అని దాని అర్థం. నిజంగా కదులుతోందో లేదో తేల్చుకోవడానికి నీళ్ల సీసా వైపు, వేలాడే లైటు వైపు చూడటం అలవాటైపోతుంది.

పిల్లల్లో ఇది ఇంకో రూపంలో కనిపిస్తుంది. వీధిలో లారీ వెళ్లినా ఉలిక్కిపడతారు. ఒంటరిగా పడుకోమంటే ఒప్పుకోరు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. కొందరు ఆటలో బ్లాకులు పేర్చి పడగొట్టి "భూకంపం" అంటారు. ఆ ఆటను ఆపకండి. భయాన్ని చేతుల్లోకి తీసుకుని చూసుకోవడానికి పిల్లలకు తెలిసిన దారి అదే. కొన్ని వారాల్లో ఇవన్నీ మామూలుగా తగ్గుతాయి. నెల దాటినా నిద్రకు, తిండికి, చదువుకు ఇబ్బందిగానే ఉంటే కౌన్సెలర్‌ను కలవడం మంచిది.

నేపాల్‌లో 2015 మే 31న స్కూళ్లు తిరిగి తెరిచారు. చాలా చోట్ల వెదురు బొంగులు, టార్పాలిన్లతో వేసిన తాత్కాలిక గదులే తరగతులు. మొదటి రోజుల్లో పాఠాలు పక్కన పెట్టి ఆటలు, పాటలు, కబుర్లతో గడిపించారు. సిలబస్ కన్నా ముందు పిల్లలకు తోటి పిల్లలు కావాలని ఆ టీచర్లు గుర్తించారు.

పుకారును ఎందుకు నమ్ముతాం?

2015 నేపాల్ భూకంపం తర్వాత మన దేశంలోనూ వాట్సాప్‌లో ఒక సందేశం తిరిగింది. ఫలానా సమయానికి ఇంకా పెద్ద భూకంపం వస్తుందని 'నాసా' చెప్పిందని దాని సారాంశం. నాసా అలాంటిదేమీ చెప్పలేదు. ఫలానా రోజు, ఫలానా చోట, ఇంత తీవ్రతతో భూకంపం వస్తుందని ముందుగా చెప్పగల సంస్థ ప్రపంచంలో ఎక్కడా లేదు.

చదువుకున్నవారు కూడా దాన్ని ఎందుకు పంపించారు? ఎప్పుడు వస్తుందో తెలియని భయం కన్నా సమయం చెప్పిన భయం భరించడం తేలిక. ఆ గంట దాటితే చాలు అనుకోవచ్చు. పైగా మనవాళ్లను కాపాడుతున్నామన్న తృప్తి ఉంటుంది. కాబట్టి అలాంటి సందేశం పంపిన బంధువును తిట్టడం కన్నా "బాబాయ్, గంట, నిమిషం చెప్పారంటేనే అది అబద్ధమని గుర్తు" అని చెప్పడం మేలు. సరైన సమాచారం నేషనల్ సెంటర్ ఫర్ సిస్మాలజీ ప్రకటనల్లో దొరుకుతుంది.

మరి పిల్లలకు ఏం చెప్పాలి?

జపాన్ మార్చుకున్న మాటలోనే మన జవాబూ ఉంది: "రావచ్చు. వస్తే ఏం చేయాలో మనకు తెలుసు." మొదటి సగం నిజం, రెండో సగం ధైర్యం. రెండూ కలిపి చెప్పాలి.

నర్సరీ నుంచి రెండో తరగతి వరకు: "నేల మళ్లీ కొంచెం ఊగవచ్చు. ఊగితే ఇద్దరం టేబుల్ కిందికి వెళ్దాం" అంటే చాలు. టీవీలో భవనం కూలే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూపిస్తుంటే ఆపేయండి. చూపించిన ప్రతిసారీ అది కొత్తగా జరుగుతోందని చిన్నపిల్లలు అనుకుంటారు.

మూడు నుంచి ఆరో తరగతి వరకు: లారీ బస్తాల పోలిక చెప్పండి. రోజులు గడిచేకొద్దీ సంఖ్య తగ్గుతుందని వివరించండి. ఏదో ఒక చిన్న పని అప్పగించండి. టార్చిలైటు ఎక్కడుందో చూసుకోవడం వాళ్ల బాధ్యత అంటే భయం సగం తగ్గుతుంది.

ఏడో తరగతి పైన: పుకారును ఎలా పరిశీలించాలో కలిసి చర్చించండి. వాళ్లు భయపడటం లేదని అంటే వెంటనే నమ్మేయకండి. "నాకైతే కాస్త భయమేసింది" అని ముందు మీరు చెప్పి చూడండి.

ఈ ఆదివారం ఇంట్లో చేసి చూడండి

1. కుదుపు వస్తే తల దాచుకోవడానికి ఒక్కో గదిలో ఏ చోటు మంచిదో పిల్లలతోనే వెతికించండి. కిందికి వంగడం, గట్టి టేబుల్ కింద తల, మెడ కాపాడుకోవడం, దాని కాలు పట్టుకోవడం సాధన చేయండి.

2. ఊగుతున్నప్పుడు మెట్ల వైపు, బాల్కనీ వైపు పరుగెత్తకూడదని, ఆగాక మెట్ల మీదుగానే దిగాలని, లిఫ్ట్ ఎక్కకూడదని చెప్పండి.

3. మంచాల పైన ఉన్న బరువైన ఫొటో ఫ్రేములు, అల్మారా మీది సూట్‌కేసులు తీసేయండి.

4. ఫోన్లు పనిచేయకపోతే ఇంటిల్లిపాది ఎక్కడ కలుసుకోవాలో ఒక చోటు అనుకోండి. ఆ చోటుకు ఒకసారి నడిచి వెళ్లి రండి.

5. బయటికి వచ్చాక, పగుళ్లు కనిపించిన భవనంలోకి ఇంజనీర్ చూసేదాకా తిరిగి వెళ్లకూడదని పెద్దలందరూ ఒక మాట మీద ఉండండి. పుస్తకాల బ్యాగు కోసమైనా, బంగారం కోసమైనా సరే.

చివరగా పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: "మళ్లీ వస్తే మనం ఏం చేస్తాం?" జవాబు వాళ్ల నోటి నుంచి తడబడకుండా వచ్చిన రోజున ఈ పాఠం పూర్తయినట్టే.