మందుకూ పుట్టుపూర్వోత్తరాలు కావాలి

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి,

పైడిభీమవరంలో మందుల కంపెనీ క్వాలిటీ అస్యూరెన్స్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. హలాల్ రికార్డుల పని నీకు అప్పగించారట. మత విషయానికీ కంప్యూటర్‌కీ ఏమిటి సంబంధమని అడిగావట. అడగాల్సిన ప్రశ్నే.

మన ప్రాంతం నుంచి మందు సరుకు దేశదేశాలకు పోతుంది. మలేషియా 2012లోనే హలాల్ మందులకు ఎంఎస్ 2424 అనే ప్రమాణం పెట్టుకుంది. ఇండోనేషియా 2014లో చేసిన చట్టం మందులనూ దశలవారీగా హలాల్ ధ్రువీకరణ కిందికి తెస్తోంది. చీటీ లేకుండా అమ్మే మందులకు 2029 అక్టోబరు 17, డాక్టరు చీటీ మీద ఇచ్చేవాటికి 2034 గడువు.

మాత్ర యంత్రానికి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్‌నే చూడు. పామాయిల్ నుంచి తీసినా, జంతువుల కొవ్వు నుంచి తీసినా అదే తెల్లపొడి. ఫార్మకోపియా పరీక్షల్లో రెండూ పాసవుతాయి. ల్యాబ్ స్వచ్ఛత చెబుతుంది గానీ పుట్టుక చెప్పదు. దానికి సాక్ష్యం సరఫరాదారు పత్రమూ, మన రికార్డూ. కార్తీకమాసంలో మీ అమ్మమ్మ బయటి గారె ముట్టదు, ఏ మూకుట్లో వేగిందో తెలీదని. ముస్లిం రోగి పట్టింపూ అలాంటిదే.

కంప్యూటర్‌తో అవసరం ఇక్కడే. రెండు రకాల స్టియరేట్‌కూ ఒకే ఐటమ్ కోడ్ ఉంటే ఏ బస్తా స్కాన్ చేసినా సిస్టమ్ ఒప్పుకుంటుంది. కోడ్‌లు వేరు చేయించు. తయారీదారు, ప్లాంటు, ధ్రువపత్రం గడువు ఐటమ్ మాస్టర్‌లో ఉండాలి. గడువు దాటితే ఆ లాట్ డిస్పెన్సింగ్‌కు దొరక్కూడదు. సరఫరాదారు మారితే ఛేంజ్ కంట్రోల్ తప్పనిసరి. వాలిడేషన్‌లో కావాలనే తప్పు బస్తా స్కాన్ చేయించు. సిస్టమ్ ఆపితేనే సంతకం పెట్టు.

యంత్రాల చరిత్ర కూడా ముఖ్యమే. పంది సంబంధమైన పదార్థం నడిచిన లైన్‌ను హలాల్‌కు మార్చాలంటే మలేషియా పద్ధతిలో ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్లతో. మాటిమాటికీ అటూ ఇటూ మార్చనివ్వరు. అందుకే ఎక్విప్‌మెంట్ లాగ్‌లో పాత ఎంట్రీ ఒక్కటీ చెరిగిపోకూడదు.

పక్కవాళ్ల పాస్‌వర్డ్‌తో ఎంట్రీ కొట్టకు. షిఫ్ట్ దిగేముందు అన్నీ కలిపి నింపకు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఆడిట్ ట్రయల్‌లో కనిపించాలి. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన పార్ట్ 11 నిబంధన కోరేదీ అదే. ఆ క్రమశిక్షణ ఉన్నచోట హలాల్ కొత్త బరువేం కాదు.

ఏది హలాలో తేల్చేది మత పెద్దలూ, ధ్రువీకరణ సంస్థలూ. వాళ్ల ముందు నిజం పెట్టే బాధ్యత నీది. ఒక పదార్థం పుట్టుక తెలియకపోతే ఊహించి ‘మొక్కల రకం’ అని నింపకు. లాట్ ఆపు, సరఫరాదారుకు రాయి. జవాబు వచ్చేదాకా, ఎవరు తొందరపెట్టినా, విడుదల చేయకు.

ఇట్లు,
మావయ్య