ఎక్స్‌రే గదికి పరీక్ష: తనకల్లు దారిలో ఒక ఫిజిక్సు బృందం

మొదటి ఫోను సూపరింటెండెంటుకు కాదు, ఎక్స్‌రే టెక్నీషియన్‌కు చేయాలి. అనుమతి ఇవ్వాల్సింది సూపరింటెండెంటే, ఆయనకు ఉత్తరం ఎలాగూ వెళ్తుంది. కానీ మిషన్ ఏ పూట మొరాయిస్తుందో, ఏ క్యాసెట్ మీద చుక్కలు పడుతున్నాయో, తలుపు సరిగా మూసుకుంటుందో లేదో చెప్పగలిగేది రోజూ బటన్ నొక్కే మనిషి. రేడియాలజీ ఫిజిక్సు బృందాన్ని నడిపేవాళ్లు ఆ మనిషిని పరీక్షకు కూర్చున్న విద్యార్థిలా చూస్తే పని అక్కడే చెడుతుంది. బృందంలో ఆయనా ఒకడు అనుకున్నప్పుడే కొలతలకు అర్థం ఉంటుంది.

అసలు అలాంటి బృందాలు మనకు ఎన్ని ఉన్నాయి? కేన్సర్‌కు రేడియేషన్ చికిత్స ఇచ్చే ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్ లేకపోతే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఇవ్వదు. ఎక్స్‌రే, సీటీ వైపు ఆ నిర్బంధం లేదు. భద్రతాధికారి ఉండాలి, రెండేళ్లకోసారి గుర్తింపు పొందిన ఏజెన్సీ వచ్చి నాణ్యత (క్యూఏ) పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి, అంతే. భాభా అణు పరిశోధన కేంద్రం 1962లో రేడియలాజికల్ ఫిజిక్సు డిప్లొమా మొదలుపెట్టింది. 1976లో దేశంలోని మెడికల్ ఫిజిసిస్టులు సంఘం పెట్టుకున్నారు. ఇన్నేళ్లుగా చదువుకుని వచ్చినవాళ్లలో ఎక్కువమంది చికిత్స వైపే వెళ్లారు, ఎందుకంటే ఉద్యోగాలు అక్కడున్నాయి. ఎక్స్‌రే గదికి ఫిజిక్సు రెండేళ్లకోసారి వచ్చే చుట్టంగా మిగిలింది.

ఒక బోధనాసుపత్రిలో ఆ చుట్టరికం కాస్త దగ్గరై, ఇద్దరు ఫిజిసిస్టులూ ఒక బయోమెడికల్ ఇంజనీరూ కలిసి చుట్టుపక్కల చిన్న ఆసుపత్రులను కూడా చూసుకుంటున్నారనుకుందాం. ఇవాళ వాళ్ల జీపు తనకల్లు వైపు బయలుదేరింది. కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉన్న మండల కేంద్రం ఇది. 2022 ఏప్రిల్ 4 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. వానలు మోసం చేసి శెనక్కాయ ఎండిపోతే బెంగళూరు బస్సెక్కే ఊళ్లు చుట్టూ ఉన్నాయి. ఇలాంటి చోట "ఫిల్ము సరిగా రాలేదు, రేపు మళ్లీ రా అవ్వా" అంటే ఆ అవ్వకు బస్సు ఛార్జీ, తోడొచ్చిన కొడుక్కి ఒకరోజు కూలీ పోతాయి. రేడియేషన్ లెక్క దాని తర్వాత మొదలవుతుంది.

బయలుదేరే ముందు రోజే సామాను చూసుకోవాలి. ట్యూబు ఓల్టేజి (కేవీ), టైము, డోసు కలిపి కొలిచే మీటరు, అయాన్ ఛాంబర్ సర్వే మీటరు, పలుచని అల్యూమినియం రేకులు, కిరణం నిటారుగా వస్తుందో లేదో చూసే సాధనం, టేపు, స్పిరిట్ లెవెల్, రోగి ఒంటికి బదులుగా పెట్టడానికి నీళ్లు నింపే ప్లాస్టిక్ ఫాంటమ్. మీటర్ల కాలిబ్రేషన్ సర్టిఫికెట్ల గడువు కూడా చూడాలి. గడువు దాటిన మీటరుతో కొలిచి మిషన్ తప్పని చెబితే నవ్వులపాలవుతాం. వీటితో పాటు పాత క్యూఏ రిపోర్టు, నియంత్రణ మండలి ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-లోరా ఇచ్చిన లైసెన్సు కాపీ, సిబ్బందికి తగిలిన డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీల గత లెక్కలు.

గదిలో అడుగుపెట్టగానే మీటరు తీయకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒకసారి చుట్టూ నడవాలి. ఛాతీ స్టాండు ఏ గోడకు ఉంది? కిరణం నేరుగా పడే ఆ గోడ 35 సెంటీమీటర్ల ఇటుక గోడ కావాలి. చెల్లాచెదురైన కిరణాలే తగిలే మిగతా గోడలకు 23 చాలు. తలుపుకు 1.7 మిల్లీమీటర్ల సీసం రేకు ఉండాలి. కిటికీ ఉంటే బయటి నేల నుంచి 2 మీటర్ల పైనే మొదలవ్వాలి. తర్వాత బయటికొచ్చి, రోగులు కూర్చునే బెంచీ ఏ గోడకు ఆనుకుని వేశారో చూడాలి. నీడ కోసం జనం ఎక్కడ నిలబడతారో ప్లానులో ఉండదు, మధ్యాహ్నం ఎండలో వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

బ్యాడ్జీలు ఎక్కడ వేలాడుతున్నాయో చూడటం మరో పని. ఏ రేడియేషనూ తగలని చోట పెట్టాల్సిన కంట్రోల్ బ్యాడ్జీ ఎక్స్‌రే గదిలోనే మేకుకు వేలాడుతుంటే మూడు నెలల లెక్క మొత్తం దండగ. ఎందుకంటే మిగతావాళ్ల డోసును దాంతోనే పోల్చి తీస్తారు. బ్యాడ్జీ ఛాతీ మీద, సీసం ఏప్రన్ కింద పెట్టుకోవాలి. ఏప్రన్‌కే గుచ్చి దాన్ని గదిలో వదిలేసి ఇంటికెళ్లే అలవాటు ఉంటే, కాగితం మీద ఆ టెక్నీషియన్‌కు లేని డోసు కనిపిస్తుంది. ఉద్యోగికి చట్టం ఒప్పుకునేది ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బయటి జనానికి ఏడాదికి 1. ప్రకృతి నుంచే మనిషికి ఏటా ప్రపంచ సగటున 2.4 అందుతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రే సుమారు 0.02. ఈ అంకెలు ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాసి ఉంటే సగం భయాలు, సగం నిర్లక్ష్యాలు పోతాయని నా నమ్మకం.

ఇప్పుడు కొలత. ముందు మిషన్ ఆపి ఉండగానే గదిలోనూ బయటా సహజ రేడియేషన్ ఎంతుందో రాసుకోవాలి. గ్రానైటు నేలల్లో అది కొంచెం ఎక్కువగానే చూపిస్తుంది, దాన్ని మిషన్ ఖాతాలో వేయకూడదు. తర్వాత టేబుల్ మీద నీళ్ల ఫాంటమ్ పెట్టి తలుపు, కంట్రోల్ ప్యానెల్, కిటికీ, బెంచీ దగ్గర సర్వే. కొత్త ఫిజిసిస్టులు ఇక్కడే పడతారు. అయాన్ ఛాంబర్ ముల్లు లేచి నిలబడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. పదో వంతు సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చి "ఏమీ రాలేదు సార్, అంతా సేఫ్" అంటారు. ట్యూబు తట్టుకున్నంత ఎక్కువసేపు ఇవ్వాలి, లేదా మీటరును మొత్తం కూడే పద్ధతిలో పెట్టాలి.

వచ్చిన అంకెను వారానికి మార్చే లెక్క చిన్నదే. ఉదాహరణకు తలుపు బయట 100 మిల్లీయాంపుల దగ్గర గంటకు 5 మిల్లీరాంట్జెన్లు చూపిందనుకోండి. ఆ గది వారం పని 100 మిల్లీయాంపు-నిమిషాలైతే, ఐదును వందతో హెచ్చించి, అరవైతోనూ మరో వందతోనూ భాగించాలి. వారానికి 0.08 వస్తుంది. జనం తిరిగే చోట హద్దు వారానికి 2, సిబ్బంది నిలబడే చోట 40. గంటకు ఐదని చూసి బెదిరిపోయేవాళ్లకు ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించాలి. బెంచీని మాత్రం ఎలాగైనా జరిపించండి, ఖర్చు లేని పని.

మిషన్ పరీక్షలకు ఒక వరస ఉంది. ముందు, కిరణం ఎక్కడ పడుతుందో చూపే లైటు. క్యాసెట్ మీద వెలుతురు అంచుల వెంట నాణేలు పేర్చి ఎక్స్‌పోజర్ ఇస్తే, కిరణం లైటుతో కలిసిందో పక్కకు జరిగిందో బొమ్మలో తెలుస్తుంది. మీటరు దూరంలో ఎదురెదురు అంచుల తేడాలు కలిపి 2 సెంటీమీటర్లు మించకూడదు. ఈ ఒక్క పరీక్ష టెక్నీషియన్ నెలకోసారి తనే చేసుకోవచ్చు, అందుకే బృందం పరికరంతో కాకుండా నాణేలతోనే ఆయన చేత చేయించాలి. ఆ తర్వాత కేవీ (5 కేవీకి మించి తేడా రాకూడదు), టైము (పది శాతం లోపు), ఒకే సెట్టింగులో ఐదు ఎక్స్‌పోజర్లు ఇచ్చి నిలకడ, అల్యూమినియం రేకులతో ఫిల్టరు మందం, చివరికి ట్యూబు గూడు నుంచి లీకేజీ. మీటరు దూరంలో గంటకు 1 మిల్లీగ్రే దాని హద్దు. ఒకరు గట్టిగా చదవాలి, మరొకరు సిరాతో రిజిస్టరులో రాయాలి. నాయకుడు మీటరు పట్టుకోకుండా పక్కన నిలబడాలి. చేతులు ఊరుకోవు కానీ, జూనియర్ నేర్చుకునేది అప్పుడే.

కేవీ దగ్గర మాత్రం ఈ ప్రాంతంలో ఆగాలి. పొద్దున పదింటికి కొలిచి, సరిగ్గా ఉందని సంతకం పెట్టి రావడం నగరంలో చెల్లుతుంది. ఇక్కడ చేలకు కరెంటు వదిలే వేళకు బోరు మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆసుపత్రి లైను వాటికి దగ్గరదైతే ఓల్టేజి దిగుతుంది. కొత్త హై ఫ్రీక్వెన్సీ జనరేటర్లు చాలావరకు సర్దుకుంటాయి, పాత మొబైల్ యూనిట్లు సర్దుకోవు. 70 పెట్టిన చోట 63 వస్తే, రోగిని దాటి డిటెక్టరుకు చేరే కిరణం మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. బొమ్మ గరుకుగా వస్తుంది. అనుభవమున్న టెక్నీషియన్ సెట్టింగు ఒక మెట్టు పెంచుతాడు. కరెంటు కుదురుకున్నాక కూడా అదే సెట్టింగు మిగిలిపోతుంది. అందుకే కేవీ పరీక్ష రెండుసార్లు చేయాలి: మోటార్లు లేవక ముందు ఒకసారి, లేచాక ఒకసారి. ఫోనులో టెక్నీషియన్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న చేల కరెంటు వేళలే.

ఆ పెరిగిన మెట్టు ఎవరికీ కనిపించదు. తడి ఫిల్ముల కాలంలో డోసు ఎక్కువైతే ఫిల్ము నల్లబడి అందరికీ తెలిసేది. డిజిటల్‌లో ఎక్కువ డోసు ఇచ్చినకొద్దీ బొమ్మ నునుపుగా, అందంగా వస్తుంది. డాక్టరు మెచ్చుకుంటాడు, రోగి ఒళ్లు పన్ను కడుతుంది. దీన్ని పట్టుకోవడానికే ప్రతి బొమ్మ మూల ఎక్స్‌పోజర్ ఇండెక్స్, దాని పక్కన డీవియేషన్ అంకె ఉంటాయి. డీవియేషన్ సున్నా అయితే అనుకున్నంతే ఇచ్చినట్టు, +3 అయితే రెట్టింపు, -3 అయితే సగం. బృందం తనకల్లులో గడిపే సమయంలో సగం ఇక్కడే పోవాలన్నది నా అభిప్రాయం: గత నెల బొమ్మలు తెరిచి, ఛాతీ, నడుము, చెయ్యి విడివిడిగా, ఆ అంకెలు టెక్నీషియన్‌తో కలిసి చూడటం.

పక్కనే పారేసిన బొమ్మల లెక్క కూడా తీయాలి. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2015లో సూచించిన ప్రకారం నూటికి ఎనిమిది లక్ష్యం, పది దాటితే కారణం వెతకాలి. ఎన్ని పారేశారన్న దానికంటే ఎందుకన్నది ముఖ్యం. పొజిషన్ తప్పిందా, ఊపిరి పట్టలేదా, క్యాసెట్టు మీద దుమ్మా? ఈ నేల మీద గాలికి లేచే ఎర్రదుమ్ము, ఫిల్ముకు బదులు వాడే సీఆర్ ప్లేటు మీద చేరితే బొమ్మలో తెల్ల చుక్కలు పడతాయి. తుడిచే రోజు ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది. ఊపిరి సంగతికి భౌతికశాస్త్రం అక్కర్లేదు: "తాతా, గాలి పీల్చి బిగబట్టు" అని ముందు ఒకసారి చేయించి చూసి, తర్వాత బటన్ నొక్కాలి. ఆడవాళ్లను "నెల తప్పావా అమ్మా?" అని అడగడం టెక్నీషియన్‌కు మొహమాటమైతే నర్సమ్మ చేత అడిగించాలి. గోడ మీది బోర్డు చదువురాని వాళ్లను ఏమీ అడగదు.

ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం కనుక ముంజేతి బొమ్మ మీద ప్రత్యేక శ్రద్ధ కావాలి. మనుషుల ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వివరించింది తెలుగు నేల మీదే. నెల్లూరు జిల్లా రోగులను చూసి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో రాశారు. ఆ జబ్బు గుర్తుల్లో ఒకటి ముంజేతి రెండు ఎముకల మధ్య పొర సున్నం కట్టడం. 50 - 55 కేవీలో తీసిన బొమ్మలో ఎముక అంచు స్పష్టంగా కనిపిస్తుంది. నడుముకు వాడిన సెట్టింగుతోనే తొందరలో చెయ్యి కూడా తీస్తే ఆ తేడా చదునైపోతుంది. ఇదంతా కలిపి ఒక ఎక్స్‌పోజర్ చార్టు తయారు చేయాలి: భాగం, మనిషి లావు, కేవీ, ఎంఏఎస్ (ట్యూబు కరెంటును టైముతో హెచ్చించిన అంకె). తెలుగులో, టెక్నీషియన్ చేతిరాతతోనే. బృందం ప్రింటు తీసి అంటించిన చార్టు మీద నెలకే క్యాలెండరు వేలాడుతుంది.

ఇక మిగిలింది తీర్పు. నాయకుడి జీతం దీనికే. లైటు కొంచెం జరిగిందా? అద్దం సరిచేయించి, అప్పటిదాకా అంచు వదిలి తీయమని చెప్పి మిషన్ నడవనివ్వచ్చు. లీకేజీ హద్దు దాటిందా, కేవీ మీద నమ్మకం పోయిందా? ఆపాల్సిందే. ఆపితే విరిగిన చెయ్యితో వచ్చిన మనిషి కదిరి వెళ్లాలి, ఆ కోపం మన మీదే వస్తుంది. అందుకే ఆపమనే మాట జూనియర్ నోట రాకూడదు. నాయకుడే సూపరింటెండెంట్ గదిలో కూర్చుని, ఒకే పేజీలో ఆపాల్సింది, బాగుచేయాల్సింది, కనిపెట్టి చూడాల్సింది మూడు వరసల్లో రాసి ఇచ్చి, రిపేరు ఎవరు ఎప్పటికి చేయిస్తారో అదే పూట తేల్చుకుని రావాలి. ముప్పై పేజీల రిపోర్టు తర్వాత పోస్టులో వస్తుంది, దాన్ని లైసెన్సు ఫైలు తప్ప ఎవరూ చదవరు.

మూడు నెలల తర్వాత మళ్లీ ఫోను చేయాలి, ఈసారీ టెక్నీషియన్‌కే. ఇండెక్స్ అంకెలు ఎటు వెళ్తున్నాయి, కొత్త బ్యాడ్జీలు వచ్చాయా, బెంచీ జరిపారా అని. ఏజెన్సీ ఇచ్చే రెండేళ్ల కాగితానికి ఈ ఫోను చేసే బాధ్యత లేదు, ఆ బాధ్యత ఉన్న ఉద్యోగం మన జిల్లాల్లో పెట్టలేదు. ప్రతి జిల్లా బోధనాసుపత్రిలో డయాగ్నస్టిక్ వైపు ఒక్క మెడికల్ ఫిజిసిస్ట్ పోస్టు మంజూరు చేసి, ఆ జిల్లాలోని ప్రభుత్వ ఎక్స్‌రే గదులన్నీ ఆయన పరిధిలో పెట్టాలని వైద్యారోగ్య శాఖను అడుగుతున్నాను. అంతవరకు మీ ఊరి ఆసుపత్రి ఎక్స్‌రే గది తలుపు దగ్గర చివరి క్యూఏ తేదీ ఎంతని అడగండి. రెండేళ్లు దాటి ఉంటే సూపరింటెండెంటుకు రాసి ఇవ్వండి.